పసుపు ఆరేదాకా

బరంపురానికి రెండేళ్లకోసారి
ఠాకురాణి పుట్టింటికొస్తుంది.
చైత్రంలో, ఎండ దిగాక, ఘటాలమీద.
ఈసారి నేనూ వచ్చాను,
సంచిలో సగం రాసిన వ్యాసంతో.

సాహిత్యంలో, తెరమీద, మూలరూపాలు.
పులికి నాలుగు పేజీలిచ్చాను.
పులి అంటే మనిషి దాచుకున్న మనిషి అని,
అడవంటే ఊరు ఒప్పుకోని కల అని,
ఏరు దాటితే కథ మారుతుందని,
దీపం ఆరితే పక్కగదిలో ఎవరో పోయినట్టని.
తప్పేం లేదు.
అన్నీ నాకంటే ముందు ఎవరో అన్నవే.

మగ్గాల వీధిలో, గున్నయ్య ఇంటి వెనక,
పులి నిలబడి ఉంది
రెండు చంకల కింద రెండు వెదురుకర్రలతో.
కూర్చోకూడదు. ఆనుకోకూడదు.
పొద్దున్నించీ అలాగే.
ఇంకా ముఖం మనిషిదే.

కేశవ్ మహారాణా నోట్లో ఒక కుంచె, చేతిలో ఒకటి.
సినిమా హాలు ముందు ఇరవై అడుగుల హీరోల్ని నిలబెట్టిన చెయ్యి.
హాలిప్పుడు టైల్సు షాపు.
"మంచోడికి బుగ్గన గులాబీ,
చెడ్డోడికి కంటికింద కాస్త ఆకుపచ్చ.
తల్లి వేషానికి చెవి పక్కన ఒక్క తెల్లగీత, బాబూ.
ఆ ఒక్క గీతకే జనం ఏడ్చేవారు."
ఒరియా యాసలో తెలుగు చెబుతూ
గున్నయ్య డొక్కమీద ఒక చార లాగాడు.
నా వ్యాసంలో రెండో అధ్యాయం
ఆ చారంత కూడా లేదు.

అడిగాను:
గున్నయ్యా, పులి ఒంటిమీదికొస్తుంటే
లోపల ఏమవుతుంది?

"దురద."

ఆ తర్వాత?

"దాహం. తాగితే మళ్లీ పోసుకోడానికెళ్లాలి,
వెళితే తొడమీద రంగు పోద్ది.
అందికే తాగను."

రాసుకున్నాను. కొట్టేశాను. మళ్లీ రాసుకున్నాను.

మొక్కు సంగతి మాత్రం అతనే చెప్పాడు, అడక్కుండానే,
కేశవ్ వీపు వైపు తిరిగినప్పుడు.
కుర్రోడికి పదమూడు రోజులు దిగని జ్వరం,
పెద్దాసుపత్రి వరండాలో నేలమీద దుప్పటి,
మగ్గం అప్పటికే అమ్మేశాడు.
"ఇవ్వడానికి ఇంకేటుంది, ఒళ్లు తప్ప?
ఈడు లేస్తే నీ ముందర ఆడతానన్నాను."

పులే ఎందుకు?

"రాజు వేసానికి అద్దెక్కువ."

నవ్వితే పొట్టమీద పసుపు పగిలింది.
కేశవ్ తిట్టాడు, ఒరియాలో, తండ్రిలాగా.

అప్పుడొచ్చాడు లోకనాథం, ఎనిమిదేళ్లవాడు,
మెడలో పులితోక చుట్టుకొని.
పట్టు తెగులు కూరి కుట్టిన తోక,
వాళ్లమ్మ పని.
తండ్రి వెనక గొంతుక్కూచుని
తడి చారలమీద ఊదడం మొదలెట్టాడు.
ఉఫ్. ఉఫ్.
మధ్యలో దగ్గొచ్చింది. ఆగి, మళ్లీ ఉఫ్.

తెరమీద ఎన్నిసార్లు చూశాను ఈ ఊపిరిని,
కిటికీలోంచి వచ్చి దీపం ఆర్పిపోయేదాన్ని.
ఇక్కడ
పసుపు ఆరుతోంది.

చీకటి పడ్డాక ముసుగు కట్టారు.
డప్పు ఒక్క దెబ్బ,
కర్రలు రెండూ పక్కకి పడ్డాయి,
పులి నా వైపు తిరిగింది.
దాహంతో ఉన్నవాడని తెలుసు.
అద్దె లెక్క తెలుసు.
రెండడుగులు వెనక్కి వేశాను
మురిక్కాలవలోకి, ఒక చెప్పుతో సహా.

నాలుగు పేజీలూ సంచిలోనే ఉన్నాయి.
వాటిలో ఆ రెండడుగులు లేవు.

రాత్రి రెండింటికి కిరసనాయిలు, కొబ్బరిపీచు.
కుళాయి కింద పులి జారి
వీధి కాలవలో పసుపుగా పోయింది,
నా చెప్పు వెతుక్కుంటూ పోయినట్టు.

మర్నాడు రేషను డిపో దగ్గర చూశాను గున్నయ్యని,
బియ్యం సంచి చంకలో పెట్టుకొని,
కర్రలున్నట్టే కాస్త ఎడంగా నిలబడ్డాడు.
చెవి వెనక ఒక నల్లచార
మిగిలిపోయింది.
చెబుదామనుకున్నాను.

చెప్పలేదు.